కంప్యూటర్ మొరాయించినప్పుడు: సొంతంగా సరిచేసుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బంధువుల్లో ఎవరి కంప్యూటర్ పాడైనా మొదటి ఫోన్ నాకే వస్తుంది. ఏళ్లుగా అవే ప్రశ్నలు, కాస్త అటూ ఇటూగా. ప్రతిసారీ ఫోన్‌లో గంటసేపు చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే పంపించడానికి వీలుగా ఉంటుందనిపించింది. సాఫ్ట్‌వేర్ సంగతులు విండోస్ 10, 11 గురించి. హార్డ్‌వేర్ సంగతులు దాదాపు ఏ కంప్యూటర్‌కైనా వర్తిస్తాయి.

ఏదైనా తేడా వస్తే అన్నిటికంటే ముందు ఏం చేయాలి?

ఒక నిమిషం చేతులు కట్టుకుని కూర్చోండి. హాస్యానికి అనడం లేదు. తెర మీద ఏముందో పూర్తిగా చదివి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. "ఏదో ఎర్రర్ వచ్చింది, ఓకే కొట్టేశాను, ఇప్పుడు గుర్తులేదు" అనేవాళ్లే ఎక్కువ. సగం జవాబు ఆ ఎర్రర్‌లోనే ఉంటుంది.

తర్వాత, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారిందో గుర్తు చేసుకోండి. కొత్త ప్రోగ్రాం వేశారా, అప్‌డేట్ వచ్చిందా, టేబుల్ జరిపారా, పిల్లలు వెనక వైర్లతో ఆడారా? కంప్యూటర్ ఊరికే పాడవడం తక్కువ. ఏదో ఒకటి మారి ఉంటుంది.

మూడోది నేను ఆలస్యంగా నేర్చుకున్నది: ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్ మార్చి, ర్యామ్ (ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) తీసి పెట్టి, డ్రైవర్ (ఒక్కో భాగాన్ని విండోస్ నడిపించడానికి కావలసిన సాఫ్ట్‌వేర్) కూడా వేసేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. వారం తర్వాత అదే జబ్బు తిరగబెడితే మళ్లీ మొదటికే వస్తారు. రిపేర్ అంటే చాలావరకు తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే. దొరికాక మిగిలేది స్క్రూడ్రైవర్ పని.

రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాను. అయినా "రీస్టార్ట్ చేయండి" అంటారేమిటి?

రెండూ ఒకటి కావు కాబట్టి. 2012లో విండోస్ 8తో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి గానీ విండోస్ లోపలి భాగమూ డ్రైవర్లూ ఉన్న స్థితి ఉన్నట్టుగా డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి వెళ్తుంది. పొద్దున ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే లేస్తుంది. నిన్నటి తలనొప్పితోనే లేస్తుందన్నమాట. రీస్టార్ట్‌లో అలా కాదు, అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

నమ్మకం కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేయండి. కింద 'అప్ టైమ్' కనిపిస్తుంది. రాత్రి రాత్రికీ షట్‌డౌన్ చేసే మా బాబాయ్ కంప్యూటర్‌లో అది 23 రోజులు చూపించింది. షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొడితే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగిపోతుంది.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పోయినట్టేనా?

కంగారు పడొద్దు. ముందు అదే ప్లగ్‌లో ఒక టేబుల్ లైటో ఫోన్ ఛార్జరో పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో ఒక సాకెట్ మాత్రమే చచ్చిపోవడం మామూలే. తర్వాత సీపీయూ అని మనం పిలిచే డబ్బా (క్యాబినెట్) వెనక, పవర్ కేబుల్ దూరే చోట చిన్న స్విచ్ ఉంటుంది. అక్కడ గీత గుర్తు వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా వైపు ఉంటే ఆఫ్. దుమ్ము తుడుస్తూ దాన్ని ఆపేసినవాళ్లు చాలామంది. కేబుల్‌ను గట్టిగా లోపలికి నొక్కండి, వీలైతే వేరే కేబుల్ పెట్టి చూడండి.

ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కిపట్టి వదలండి. మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. లోపల చిక్కుకున్న కాస్త కరెంటు పోయి లేచి కూర్చున్నవి నేనే బోలెడు చూశాను. బ్యాటరీ అడుగంటా ఖాళీ అయిపోతే ఛార్జింగ్ పెట్టిన వెంటనే లేవకపోవచ్చు. అరగంట ఆగి చూడండి.

ఇవన్నీ అయినా కదలిక లేకపోతే డెస్క్‌టాప్‌లో అనుమానం ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) మీదికి వెళ్తుంది. దాన్ని మొత్తంగా మార్చవచ్చు గానీ డబ్బా విప్పి లోపల చేయి పెట్టొద్దు. ప్లగ్ తీసేశాక కూడా అందులోని కెపాసిటర్లు ప్రమాదకరమైన కరెంటును పట్టుకుని ఉంటాయి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, కానీ డిస్‌ప్లే రావడం లేదు.

ఇది కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇంట్లో సరిచేసుకోగలిగిన హార్డ్‌వేర్ జబ్బుల్లో ఇది ముందుంటుంది.

మానిటర్‌తో మొదలుపెట్టండి. మానిటర్ లైటు వెలిగి 'నో సిగ్నల్' అంటుంటే అది బతికే ఉంది, దానికి ఏమీ అందడం లేదు. మానిటర్ బటన్లతో సోర్స్ మార్చి చూడండి. కేబుల్ ఒక చోట, ఎంచుకున్న సోర్స్ మరో చోట ఉండవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సీపీయూకి వెనక రెండు చోట్ల డిస్‌ప్లే పోర్టులుంటాయి: పైన మదర్‌బోర్డువి (లోపలి భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు), కింద కార్డువి. కేబుల్ కార్డుకే పెట్టాలి. గదులు మారినప్పుడు, సర్దేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఇదే.

అవన్నీ సరిగ్గా ఉంటే ర్యామ్ వంతు. ప్లగ్ తీసేయండి. పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. సీపీయూ పక్క రేకు విప్పి, లోపలి ఇనుప చట్రాన్ని చేత్తో ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. ర్యామ్ పట్టీ చివర్లలో ఉన్న క్లిప్పులు పక్కకు నొక్కితే పైకి లేస్తుంది. బంగారు రంగు కాళ్లను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా రుద్ది, రాలిన పొడి స్లాట్‌లో పడకుండా దూరంగా దులపండి. గాడి ఏ వైపు ఉందో చూసుకుని తిరిగి పెట్టి, 'టక్' మని క్లిప్పు పడేదాకా నొక్కండి. సగం దిగిన ర్యామ్ చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేయదు. రెండు పట్టీలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఒకదానితో లేచి మరోదానితో లేవకపోతే దొంగ దొరికినట్టే.

మదర్‌బోర్డు బీప్ బీప్ అని అరిస్తే ఎన్నిసార్లు, పొడుగా పొట్టా అని లెక్కపెట్టండి. అది కంపెనీని బట్టి మారే సంకేతం, మదర్‌బోర్డు మాన్యువల్‌లో అర్థం ఉంటుంది. బీప్ స్పీకర్ లేని కొత్త బోర్డుల్లో చాలావాటికి చిన్న లైట్లుంటాయి. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని పక్కనే రాసి ఉంటుంది. ఎక్కడ ఆగిపోయిందో అక్కడి లైటు వెలుగుతుంది.

అన్నట్టు, వాడుతుండగా మధ్యలో తెర నల్లబడితే ఇదంతా అక్కర్లేదు. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. ఒక బీప్ వచ్చి గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ పాత ఏడాదికి వెళ్లిపోతోంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ అయిపోయింది. సాధారణంగా సీఆర్2032, 3 వోల్టులది. వాచీలకు సెల్ వేసే చోట కూడా దొరుకుతుంది. రాసి ఉన్న వైపు పైకి ఉంచి మార్చేయండి. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు కూడా 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అంటాయి, ఎందుకంటే వాటి సర్టిఫికెట్ల గడువును బ్రౌజర్ మీ గడియారంతోనే పోల్చి చూస్తుంది. ఇంటర్నెట్ పాడైందనుకుని రౌటర్‌తో కుస్తీ పట్టిన వాళ్లున్నారు.

కంప్యూటర్ బాగా నెమ్మదించింది. ఫార్మాట్ కొట్టేయమంటారా?

అప్పుడే వద్దు. ఫార్మాట్ అంటే తలనొప్పికి గుండు చేయించుకోవడం లాంటిది. ముందు నెమ్మదిగా ఉన్న సమయంలోనే టాస్క్ మేనేజర్ తెరిచి నాలుగు అంకెలు చూడండి: సీపీయూ, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్. ఏది 100 దగ్గర ఆడుతోందో చూసి, ఆ పేరు మీద క్లిక్ చేస్తే దాన్ని ఎక్కువగా తింటున్న ప్రోగ్రాం పైకి వస్తుంది.

మెమరీ నిండుతుంటే చాలాసార్లు దోషి బ్రౌజరే. నలభై ట్యాబులు, పది ఎక్స్‌టెన్షన్లు పెట్టుకుని 4 జీబీ ర్యామ్ చాలలేదంటే దాని తప్పేముంది? వాడని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. ఇవాళ మామూలు ఇంటి వాడకానికి 8 జీబీ ఉంటే ఇబ్బంది లేకుండా గడుస్తుంది, 16 ఉంటే హాయి.

టాస్క్ మేనేజర్‌లోనే 'స్టార్టప్ యాప్స్' చూడండి. కంప్యూటర్ లేవగానే తామూ లేచి కూర్చునేవి ఇక్కడ ఉంటాయి. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్‌కు సంబంధించినవి వదిలేసి, మిగతా వాటిలో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. అవి డిలీట్ కావు, అవసరమైనప్పుడు మీరే తెరుచుకోవచ్చు.

డిస్క్ 100 దగ్గర నిలబడి ఉంటే, అది పాత రకం హార్డ్‌డిస్క్ అయితే, అసలు రోగం అదే. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు చదవాలి. ప్రతిదానికీ లోపలి ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి. ఎస్‌ఎస్‌డీలో (చిప్పుల్లో దాచే కొత్త రకం డిస్క్) తిరిగేదీ పరుగెత్తేదీ ఏమీ లేదు. కంప్యూటర్‌కు కలిసే పద్ధతిని బట్టి అందులో సాటా, ఎన్‌వీఎంఈ అని రకాలున్నాయి. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈ రకం వేలల్లో చదువుతుంది. పాత కంప్యూటర్‌కు ఒకే ఒక్క ఖర్చు పెడతానంటే ఎస్‌ఎస్‌డీయే పెట్టమంటాను. నిమిషాల తరబడి లేవని ల్యాప్‌టాప్ అర నిమిషం లోపే లేవడం చూస్తే కొత్తది కొన్నారా అని అడుగుతారు.

కొనే ముందు మీ మెషీన్‌లో ఏది పడుతుందో చూసుకోండి: రెండున్నర అంగుళాల సాటానా, ఎం.2 స్లాటా, ఆ స్లాట్ సాటాకా ఎన్‌వీఎంఈకా. పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టుగా కొత్తదానికి క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఎస్‌ఎస్‌డీ కంపెనీలు చాలావరకు ఉచితంగానే ఇస్తాయి. విండోస్ మళ్లీ కొనాలేమోనని భయపడొద్దు. డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డిస్క్ మారినా ఇంటర్నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఒక మాట. 'మీ పీసీ స్పీడ్ పది రెట్లు' అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) క్లీనర్లను మైక్రోసాఫ్టే సమర్థించదు. వాటివల్ల నెమ్మదించిన కంప్యూటర్లు చూశాను గానీ వేగం పెరిగినవి చూడలేదు.

సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. ఏవి తీసేయొచ్చు?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత తింటోందో రంగు పట్టీలతో చూపిస్తుంది. టెంపరరీ ఫైల్స్ తీసేయవచ్చు. కానీ ఆ జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది, చూసుకోకుండా టిక్ పెడితే ముఖ్యమైన కాగితాలన్నీ పోతాయి. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ ఒక ఫోల్డర్‌లో ఉండిపోతుంది. 10 రోజులకు దానంతటదే పోతుంది, మీరు కంగారు పడక్కర్లేదు. 'విండోస్', 'ప్రోగ్రాం ఫైల్స్' ఫోల్డర్లలోకి వెళ్లి చేత్తో మాత్రం ఏదీ డిలీట్ చేయొద్దు.

ఫ్యాన్ విమానంలా మోగుతోంది, ఉన్నట్టుండి ఆగిపోతోంది.

వేడి. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరికి వెళ్తే తన వేగం తనే తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే కాలిపోకుండా ఆగిపోతుంది. అంటే ఆగిపోవడం జబ్బు కాదు, రక్షణ.

దుమ్ము దులపాలి. కరెంటు పూర్తిగా తీసేసి, సీపీయూని ఆరుబయటికి తీసుకెళ్లి, గాలి డబ్బాతోనో బ్లోయర్‌తోనో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది లెక్కకు మించి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టొద్దు, స్టాటిక్ పుట్టిస్తుంది. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే కింద గాలి దూరే సందులు మూసుకుపోతాయి. గట్టి పలక ఏదైనా కింద పెట్టండి.

దుమ్ము తీసినా వేడి తగ్గకపోతే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ (వేడిని లాగే లోహపు దిమ్మ) మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు. డెస్క్‌టాప్‌లో మార్చడం అంత కష్టమేమీ కాదు: పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది మధ్యలో పెట్టి బిగించడమే. ల్యాప్‌టాప్‌లో అయితే విప్పడం అలవాటు ఉంటేనే చేయండి.

నీలి తెర వచ్చి రీస్టార్ట్ అవుతోంది.

నెలకోసారి వస్తే పట్టించుకోకండి. రోజూ వస్తే కింద 'స్టాప్ కోడ్' అని ఉన్నది రాసుకోండి. విండోస్ 11లో 2025 నుంచి ఆ తెర నలుపు రంగులోకి మారింది, విషయం మాత్రం అదే. కోడ్ పక్కన ఏదైనా ఫైల్ పేరు కూడా ఉంటే అది చాలాసార్లు ఒక డ్రైవర్‌ది, దాన్ని పట్టుకుని వెతకండి. ప్రతిసారీ వేరే వేరే కోడ్ వస్తుంటే ర్యామ్‌ను అనుమానించండి. స్టార్ట్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్' అని వెతికి నడిపిస్తే అది పరీక్షిస్తుంది.

విండోస్ లోపలికే వెళ్లనివ్వకపోతే సేఫ్ మోడ్ ఉంది. అందులో తప్పనిసరి డ్రైవర్లు మాత్రమే లేస్తాయి. లేచేటప్పుడు విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. అలా వరసగా రెండు మూడుసార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ గుండా వెళ్లి సేఫ్ మోడ్ ఎంచుకోండి. అక్కడ కొత్తగా వేసిన ప్రోగ్రాంనో డ్రైవర్‌నో తీసేయవచ్చు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి, విమానాలు ఆగిపోయాయి. వాటిలో చాలావాటిని నిపుణులు బాగుచేసిన పద్ధతి కూడా ఇదే: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక ఫైల్ డిలీట్ చేయడం.

అకస్మాత్తుగా 48 అంకెల కీ అడుగుతోంది. నేనెప్పుడూ పెట్టలేదే!

మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. చాలా కొత్త కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్క్ మొత్తం బిట్‌లాకర్ పద్ధతిలో తాళం పడుతుంది. బయాస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా 'నువ్వు నువ్వేనా' అని అడుగుతుంది. వేరే ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, అందులో మీ కంప్యూటర్ పేరు దగ్గర రికవరీ కీ చూడండి.

కీ లేకపోతే ఏ మెకానిక్కూ డిస్క్‌లో ఉన్నది తీయలేడు. ఇది చదువుతున్నప్పుడు మీ కంప్యూటర్ బాగానే ఉంటే, ఇప్పుడే వెళ్లి ఆ కీని కాగితం మీద రాసుకుని రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

వైఫై ఉన్నట్టు చూపిస్తోంది గానీ నెట్ రావడం లేదు.

అదే వైఫైలో ఫోన్ పనిచేస్తోందా? చేయకపోతే తప్పు రౌటర్‌దో, నెట్ ఇచ్చే కంపెనీదో. రౌటర్ ప్లగ్ తీసి, నిమిషం ఆగి పెట్టండి. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతేనే కంప్యూటర్ మీద చేయి వేయాలి.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'పింగ్' అని ఆంగ్లంలో కొట్టి ఖాళీ వదిలి 8.8.8.8 అని రాయండి. జవాబులు వస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో ఉంది. అంటే దారి ఉంది, చిరునామా చెప్పే మనిషి లేడు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్‌ను 8.8.8.8 గానో 1.1.1.1 గానో మార్చండి. మీ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ చిరునామా) 169.254తో మొదలైతే రౌటర్ మీకు అడ్రసే ఇవ్వలేదని అర్థం. ఆ వైఫైని 'ఫర్‌గెట్' చేసి మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చి కలపండి.

వచ్చీ పోయీ ఉంటే దూరం చూడండి. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది, గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. 2.4 గోడలు దాటుతుంది గానీ బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే దారిలో తిరుగుతాయి. వంటింట్లో ఓవెన్ ఆన్ చేసినప్పుడల్లా వీడియో కాల్ తెగిపోతుంటే ఆశ్చర్యపోకండి.

సౌండ్ రావడం లేదు.

కింద కుడి మూల స్పీకర్ గుర్తు నొక్కి, శబ్దం ఎటు వెళ్తోందో చూడండి. స్పీకర్లు లేని మానిటర్‌కో, పక్క గదిలో ఉన్న బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌కో వెళ్తూ ఉంటుంది. పదికి ఎనిమిదిసార్లు ఇంతే.

కీబోర్డ్ పిచ్చిపిచ్చిగా కొడుతోంది.

కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కిపట్టి ఉంచితే ఫిల్టర్ కీస్, షిఫ్ట్‌ను వరసగా 5 సార్లు కొడితే స్టికీ కీస్ ఆన్ అవుతాయా అని అడుగుతుంది. చూడకుండా 'ఎస్' కొట్టేస్తే కీబోర్డ్ మాట వినడం మానేస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి వెళ్లి రెండూ ఆపేయండి. ల్యాప్‌టాప్‌లో అక్షరాల బదులు అంకెలు పడుతుంటే నమ్ లాక్.

ల్యాప్‌టాప్ మీద నీళ్లు పడ్డాయి. బియ్యంలో పెట్టమంటున్నారు.

బియ్యాన్ని వదిలేయండి. పిండి దుమ్ము లోపలికి పోవడం తప్ప లాభం లేదు. సెకన్లు ముఖ్యం: ఛార్జర్ పీకేయండి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, ఫైల్ సేవ్ చేద్దామని ఆగొద్దు. బ్యాటరీ బయటికి వచ్చేదైతే తీసేయండి. తెర వెనక్కి తెరిచి, గుడారంలా బోర్లించి ఫ్యాన్ గాలికి కనీసం రెండు రోజులు ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టొద్దు. ఎండిందో లేదో చూద్దామని మధ్యలో ఆన్ చేయడమే అసలు హత్య, ఎందుకంటే బోర్డును చంపేది నీళ్లకంటే నీళ్లలో పారే కరెంటు. కాఫీ, కూల్‌డ్రింక్ లాంటి తీపి పడితే ఎండాక కూడా బోర్డును తింటూనే ఉంటుంది, అది విప్పి కడిగించాల్సిందే.

ప్రింటర్ 'ఆఫ్‌లైన్' అంటోంది.

నా దృష్టిలో ప్రింటర్ అంటే ఇంట్లో అత్తగారిలాంటిది, ఎందుకు అలిగిందో చెప్పదు. 'సర్వీసెస్' తెరిచి అందులో 'ప్రింట్ స్పూలర్'ను (ప్రింట్లను వరసలో పెట్టి పంపేది) రీస్టార్ట్ చేయండి. ఇరుక్కున్న పాత ప్రింట్లు క్యూలోంచి తీసేయండి. రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు ప్రింటర్ ఐపీ మారిపోయి ఉంటే, ప్రింటర్‌ను తీసేసి మళ్లీ కలపడం తేలిక. ఇంక్‌జెట్ వాడకుండా నెలలు వదిలేస్తే సిరా ఎండిపోతుంది. వారానికో పేజీ రంగుల్లో కొట్టండి.

తెలుగు ఫైల్ తెరిస్తే డబ్బాలో, అర్థంకాని గుర్తులో వస్తున్నాయి.

రెండూ వేరు. చిన్న చదరపు డబ్బాలైతే ఫాంట్ లేదు, ఒక తెలుగు యూనికోడ్ ఫాంట్ వేస్తే సరిపోతుంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ విండోస్‌తోనే వస్తోంది, అంతకు ముందు గౌతమి వచ్చేది. అర్థంపర్థం లేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది యూనికోడ్ కాదు, అచ్చు పని కోసం అను లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసింది. ఆ ఫాంటే వేయాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక వత్తులు ఒకసారి కళ్లతో సరిచూసుకోండి.

పొరపాటున ఫొటోలు డిలీట్ చేశాను.

రీసైకిల్ బిన్ చూశారా? ఫోల్డర్ వన్‌డ్రైవ్‌లో ఉంటే దానికీ వేరే బిన్ ఉంటుంది, సొంత అకౌంట్లలో 30 రోజులు ఆగుతాయి.

అక్కడా లేకపోతే ఆ డ్రైవ్ వాడటం ఆపేయండి. పాత హార్డ్‌డిస్క్‌లో డిలీట్ అంటే పేరు కొట్టేయడమే. పైన వేరేది రాసేదాకా సరుకు అక్కడే ఉంటుంది. రెకువా, ఫొటోరెక్ లాంటివి దాన్ని వెతికి తీస్తాయి. వాటిని వేరే డ్రైవ్‌లో వేసి, దొరికినవి కూడా వేరే డ్రైవ్‌లోకే దాచుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో ఈ ఆశ తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ చేసిన చోటును అది తనంతట తానే తుడిచేసుకుంటుంది.

హార్డ్‌డిస్క్ టక్ టక్ అని శబ్దం చేస్తుంటే ఏ సాఫ్ట్‌వేర్ నడపొద్దు, కరెంటు తీసేయండి. లోపల ముల్లు దెబ్బతింది, తిరిగే ప్రతి నిమిషం పళ్లేన్ని గీస్తూ ఉంటుంది. అందులో ఉన్నది నిజంగా కావాలంటే డేటా రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి. బ్యాకప్ సంగతి మళ్లీ మళ్లీ చెప్పి విసిగించను: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట.

'మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని అరుస్తోంది.

మోసం. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజుల్లో ఫోన్ నంబరు ఉండదు. అది బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీ, అంతే. ఆల్ట్, ఎఫ్4 కొట్టండి, పోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత ట్యాబులు తెరవమని అడిగితే వద్దనండి.

ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన రిమోట్ యాప్ వేసేసి ఉంటే, సిగ్గుపడి దాచొద్దు. ముందు నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. ఆ తర్వాతే కంప్యూటర్ సంగతి.

విండోస్ 10 వాడుతున్నాను. కొత్త కంప్యూటర్ కొనాలా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు గానీ భద్రతా అప్‌డేట్లు రావు. ఇంటి వాడకందారుల కోసం మరో ఏడాది, 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు పథకం పెట్టారు. విండోస్ 11కి టీపీఎం 2.0 (కంప్యూటర్‌లో ఉండే భద్రతా ఏర్పాటు) కావాలి. 'మీ పీసీ పనికిరాదు' అని వచ్చినా ఒకసారి బయాస్‌లో చూడండి, టీపీఎం ఉండి కూడా ఆఫ్‌లో ఉండవచ్చు. నిజంగానే పనికిరాకపోతే, బ్రౌజర్, మెయిల్, సినిమాలే మీ వాడకమైతే, లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే నచ్చిందో లేదో తెలుస్తుంది.

ఎప్పుడు నా వల్ల కాదని వదిలేయాలి?

కాలిన వాసన వస్తే. ఎస్‌ఎంపీఎస్ లోపలి పని అయితే. టక్ టక్ మనే డిస్క్‌లో ఉన్న ఫొటోలు ఇంకెక్కడా లేకపోతే. అన్నిటికంటే ముఖ్యంగా, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు భాగం ఉబ్బి టేబుల్ మీద ఊగుతున్నా. అది ఉబ్బిన లిథియం బ్యాటరీ. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు, 'ఈ ఒక్క మెయిల్ పంపేస్తాను' అనొద్దు. ఆపేసి, అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి తెలిసినవాళ్ల చేత తీయించండి.

మెకానిక్‌కు ఇచ్చే ముందు బ్యాకప్ తీసుకుని, వీలైతే డిస్క్ మీ దగ్గరే ఉంచుకోండి. సీరియల్ నంబరు ఫొటో తీయండి. ఏం జరుగుతోందో, మీరు ఇప్పటికే ఏమేం చేసి చూశారో ఒక చీటీ మీద రాసి డబ్బాకు అతికించండి. 'రెండో ర్యామ్ పట్టీ తీస్తే లేస్తోంది' అన్న ఒక్క వాక్యం చూస్తే అతను మొదటి గంట వెతుకులాట మానేసి నేరుగా పనిలోకి దిగుతాడు.